అత్తకు నేర్పిన ఇంగ్లీషు

నాకు ముక్కుమీద కోపం. అలాంటిదాన్ని మా అత్తకు ఇంగ్లీషు నేర్పడానికి కూర్చున్నానంటే నా తలరాతే అనుకోవాలి.

ఊరిగాంలో ఒక చిన్నపిల్లల బడిలో ఆయా కావాలన్నారు. ఆయా కూడా పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలట, సోమవారం పిలిచి చూస్తారట. అత్త రాబర్ట్‌సన్‌పేటలో ఇళ్ళల్లో అంట్లు తోమి తోమి మోకాళ్ళు పోగొట్టుకుంది. ఈ పని దొరికితే కుర్చీలో కూర్చుని పిల్లలకు అన్నం తినిపించవచ్చు. దొరక్కపోతే మళ్ళీ ఆ అంట్లే. అది తలుచుకుంటే నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి దగ్గర నుంచి గడప దాకా తిరుగుతూనే పాఠం చెప్పాను.

"రోజూ చేసే పనులకు పద్ధతి ఒకటే అత్తా. నేను, నువ్వు, వాళ్ళు అంటే మాట ఉండేది ఉండినట్టే. ఐ కుక్. దే కుక్. అతను, ఆమె అంటే చివర ఒక 'స్' తగిలించల్ల. షి కుక్స్. చెయ్యదు అంటే షి డజంట్ కుక్. అప్పుడు ఆ 'స్' ఊడిపోతాది."

"ఇంతేనా? గని మేస్త్రీల ఇంగ్లీసు కంటే ఇదే సులువుండాది" అంది అత్త.

నిజంగానే పట్టేసింది. షి వాషెస్, హి ఈట్స్, బేబీ స్లీప్స్, అన్నీ గడగడా చెప్పేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో "హి గోస్ టు వర్క్" అన్నాను. అది మాత్రం పలకనంది అత్త.

మా మామ బంగారు గనిలో, భూమి లోపల పనిచేసిన మనిషి. వాళ్ళుండే గని కూలీల లైన్ ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉండేది. షిఫ్టుకు బయల్దేరే మగవాణ్ని ఆడవాళ్ళు 'పోతాడు' అనకూడదు, 'వచ్చేస్తాడు' అనాలి. గని మూతపడి ఏళ్ళయింది. మామ ఇంట్లో మంచం మీదే కన్ను మూశాడు. అయినా అత్త నోట ఆ మాట ఇప్పటికీ రాదు.

"పైన తథాస్తు దేవతలుంటారమ్మీ."

"వాళ్ళకు ఇంగ్లీషు రాదత్తా!"

"బాగుండాది! దొరల కాలం నుంచి ఈడనే తిరగతా ఉండారు, రాకుండా ఉంటాదా?"

నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. బతిమాలాను, కసిరాను. తలప్రాణం తోకకొచ్చింది గానీ ఆ ఒక్క ముక్క పలికించలేకపోయాను. ఎవరడుగుతార్లే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోమవారం తెల్లవారుజామున మా ఆయన ఎప్పటిలాగే పనికి రైల్లో బెంగళూరు వెళ్ళాడు. తెల్లారాక అత్తా నేనూ ఆటోలో ఊరిగాం చేరాం. ఆమె లోపలికెళ్తే నేను వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తలుపు తీసే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ గోడమీది బొమ్మలు చూపించి, ఎవరు రోజూ ఏం చేస్తారో ఇంగ్లీషులో చెప్పమని అడుగుతోంది. తల్లి బొమ్మకు అత్త తడుముకోకుండా చెప్పింది. తర్వాత చేతిలో బ్యాగుతో తండ్రి బొమ్మ.

"ఫాదర్ ఈట్స్. ఫాదర్ వేర్స్ షర్ట్. ఫాదర్ టేక్స్ బ్యాగ్" అంది అత్త. "ఫాదర్ కమ్స్ హోమ్."

"మధ్యలో ఒకటి వదిలేసినారమ్మా. ఫాదర్ గోస్ టు ఆఫీస్. అనండి."

అను అత్తా, నీకు దండం పెడతా, అను అని బయట నేను గొణుక్కుంటున్నాను.

"అది నేననను మేడమ్. ఇంగేదైనా అడగండి."

ఆవిడ మళ్ళీ అడిగింది. అత్త తల అడ్డంగా ఊపింది. "సరే, చెప్పి పంపిస్తాం" అంది ఆవిడ. ఆ మాటకు అర్థమేమిటో పని అడగడానికి వెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు.

గేటు దాటగానే ఒంటికాలి మీద లేచాను. "నోటికాడి కూడు నేలపాలు చేసుకున్న్యావు గదత్తా! ఈ కాళ్ళతో రేపట్నించి మళ్ళీ అంట్లు తోముతావా? ఆ ఒక్క ముక్క అనుంటే నీ సొమ్మేం పోయేది?"

అత్త మోకాలు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పని నాకంటే ఆమెకే ఎక్కువ కావాలి.

"నీ మొగుడు పొద్దన్నే బండెక్కినాడు గదమ్మీ," అంది. "ఇంగా ఇల్లు చేరలా."