గడియ పెట్టని కొట్టు

టైలరమ్మ కుట్టుమిషను ఎప్పుడూ గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. వానజల్లు లోపలికి కొడుతున్నా తలుపు వేయనివ్వదు. "నీ కొట్టుకి తలుపు ఉత్త అలంకారమేనా?" అని బట్టలిచ్చేవాళ్ళు ఆటపట్టిస్తారు. నోట్లో గుండుసూదులతో ఆమె ఊఁ కొట్టి, ఓ కన్ను వీధి మీదే వేసి ఉంచుతుంది. కుట్టడం ఆమె పని, ఇస్త్రీ మాత్రం చెల్లెలిది. మూడేళ్ళ కిందట ఇల్లు అంటుకున్నప్పుడు చెల్లెల్ని లోపలే వదిలేసి తను బయటికి పరుగెత్తింది. చెల్లెలు కాలిన చేత్తో వెనకాల వచ్చింది. ఆ మాట ఇద్దరూ ఇంతవరకూ ఎత్తలేదు. ఆ చెయ్యి ముందుకొచ్చినప్పుడల్లా అక్క చూపు తిప్పుకుంటుంది.

నిన్న ఇస్త్రీపెట్టె కింద జాకెట్టు మాడి పొగ లేచింది. టైలరమ్మ మెడలో టేపుతో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వీధి దాటేసింది. అవతల నిలబడ్డాక గాని చెల్లెలు గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చినంత పనై తిరిగొచ్చింది. చెల్లెలు ప్లగ్గు పీకేసి, మాడిన జాకెట్టు మడత పెడుతోంది.

"మళ్ళీ నిన్నొదిలేసి పోయానే," అంది గుమ్మంలోనే ఆగి.

"ఆ రోజు పొగలో నాకేమీ కనబడలేదక్కా. నువ్వు తీసిన తలుపులోంచి వెలుగొస్తే అటు నడిచాను."

టైలరమ్మ లోపలికొచ్చి, మొదటిసారి వీధికి వీపు పెట్టి నిలబడి, ఇస్త్రీపెట్టె తన చేతిలోకి తీసుకుంది.