వియాకా కూర్చోలేదు

నిన్న ఉదయం ఇక్కడ టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఇండియన్ షాప్ ముందు కార్ పార్క్ చేస్తుంటే ఫోన్ మోగింది. వియాకా మనవరాలు.

"అమ్మమ్మ పోయింది, ఆంటీ."

ఇంజన్ ఆపడం కూడా మర్చిపోయి అలాగే ఉండిపోయాను.

మీలో చాలామందికి తను తెలియదు. డెబ్బైల చివర్లో సౌత్ డకోటాలో నా మొదటి ఉద్యోగం. అదే ఆసుపత్రిలో నాతోపాటు నర్సు. లకోటా తెగ మనిషి, అమెరికా ఆదివాసి. ఆ నేల మనిషి.

బ్యాడ్జి మీద మార్గరెట్ అని ఉండేది. అది చర్చి నడిపిన బోర్డింగ్ స్కూల్లో తగిలించిన పేరు. చిన్నప్పుడే తననీ తమ్ముణ్ణీ ఇంట్లోంచి ఆ స్కూలుకి బలవంతంగా తీసుకుపోయారు. జుట్టు కత్తిరించేశారు.

ఒకసారి లంచ్‌లో నేను గొప్పగా చెప్పాను. "మా గుంటూరులో మిషన్ హాస్టల్ లేకపోతే నేను నర్సునే అయ్యేదాన్ని కాదు."

"అక్కడ మీ భాషలో ప్రేయర్ చేసుకోనిచ్చారా?"

"మరి? తెలుగులోనేగా!"

"మా భాషలో ఒక్క మాటన్నా మా నోట్లో సబ్బు కుక్కేవాళ్ళు" అంది.

ఆ రోజే తమ్ముడి సంగతి చెప్పింది. ఒక చలికాలం జ్వరంతో స్కూల్లోనే పోయాడు. వాళ్ళమ్మకి శవాన్ని కూడా చూపించలేదు. స్కూల్ వెనక మైదానంలో ఎక్కడో పాతిపెట్టారు.

ఎనభైల మొదట్లో అదే చర్చి, జరిగింది మర్చిపోయి కలిసిపోదామంటూ సమాధాన కూడిక పెట్టి, పాత విద్యార్థులందరినీ పిలిచింది. నేనూ ఆ చర్చికే వెళ్ళేదాన్ని కాబట్టి, పియానో నేను వాయించాలి. వియాకా లేచి, అందరి తరఫునా "క్షమించాం" అనాలి. అంతే ప్రోగ్రామ్.

తను లేచింది. ముందు లకోటాలో మాట్లాడింది. ఆ గోడల మధ్య ఆ భాష వినగానే వెనక బెంచీల్లో ముసలివాళ్ళు ఏడ్చేశారు.

తర్వాత ఇంగ్లీష్‌లో.

"నా పేరు వియాకా. నా తమ్ముడు ఎక్కడున్నాడో చూపించండి. క్షమించే సంగతి తర్వాత చూద్దాం."

"సిస్టర్, ప్లీజ్, కూర్చోండి" అన్నారు పాస్టర్.

కూర్చోలేదు.

ఆయన నావైపు తిరిగి, పాట అందుకోమని సైగ చేశారు. వియాకా గొంతు అందులో మునిగిపోవాలని.

నేను పియానో మూత వేసేశాను. వెళ్ళి తన పక్కన నిలబడ్డాను.

వెనక నుంచి ఒక తాత లేచాడు. "మా అక్క ఎక్కడ?"

ఇంకొకామె. "మా చెల్లి?"

పాస్టర్ బైబిల్ మూసి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు.

నన్ను మళ్ళీ పియానోకి పిలవలేదు. నాకేం బాధా లేదు! తను మాత్రం డ్యూటీ లేని ప్రతి ఆదివారం ఆ చర్చి గుమ్మం ముందు నిలబడి అదే అడిగేది. మంచు కురుస్తున్నా సరే.

ఏళ్ళు పట్టింది. చివరికి వాళ్ళే దిగొచ్చారు. అప్పట్లో గోతులు తవ్విన ముసలాయన ఒకడు చోటు చూపించాడు. తమ్ముడి ఎముకలు తెచ్చుకుని, కొండ మీద వాళ్ళమ్మ పక్కన పడుకోబెట్టింది.

ఆ రోజు నేనూ వెళ్ళాను. "ఇప్పుడైనా క్షమించావా?" అని అడిగాను.

"మిగతా పిల్లలు ఇంకా ఇంటికి రాలేదుగా" అంది.

ఇంకా రాలేదు, అందరూ. ఇప్పుడు మనవరాలు అడుగుతోంది. మేం ఊరుకోం.

వెళ్ళిరా, వియాకా. తమ్ముడి పక్కన, అమ్మకి దగ్గరగా, నీ కొండ మీద, హాయిగా నిద్రపో.