కోడి కింద తాళంచెవి

ఇనుప ముక్క కోసం ఒక మనిషి వారం రోజులు వెతుక్కుందంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. కానీ నేను ఖతర్‌లో ఇంటిపనికి ఉన్న కాలం అలాంటిది. భూమిలోంచి నూనె పొంగుతోంది, ఇళ్ళలోకి సామాను పొంగుతోంది. మా యజమాని ఇంట్లో పాత చెంచా కనబడితే పారేసి కొత్త పెట్టె తెరిచేవారు. గిన్నెలు స్టీలువి, కిటికీలు అల్యూమినియంవి, అమ్మగారి చేతులకు బంగారం. మా ఊళ్ళో అయితే ఏ గోడ సందున చెయ్యి పెట్టినా విరిగిన కొడవలో, ఎద్దు నాడానో దొరికేది. అంత పెద్ద ఇంట్లో తుప్పు పట్టిన మేకు ఒక్కటి లేదు. నాకేమో ఆ మేకు మీదే నా బతుకంతా వేలాడుతున్నట్టుండేది.

ఎందుకో చెబుతాను. యజమాని తల్లి ఒక ముసలమ్మ ఉండేది. ఇంటిల్లిపాదీ ఆమెను యుమ్మా, అంటే అమ్మా, అనేవాళ్ళం. ఆమెకు పొద్దుపోవడానికి కొడుకు బజారు నుంచి రంగు కౌజుపిట్టలు తెచ్చిపెట్టాడు. పిడికిట్లో పట్టే పిట్టలు. మగదానికి నీలి వీపు, ఎర్ర పొట్ట, మెడ కింద తెల్లటి కంటె. (మొదటి రోజు వాటిని చూసి "కూరకు ఇవేం సరిపోతయ్?" అని అడిగినదాన్ని నేనే. ఆ ఇంటి డ్రైవర్ భాయ్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఆయన పుణ్యం.) పిట్ట పెట్టేది బొటనవేలి కణుపంత గుడ్డు. పెట్టేసి, తనది కానట్టు అటు తిరిగి గింజలు ఏరుకునేది. పొదగాలన్న ధ్యాసే లేదు. ఆ తల్లిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేనూ మూడేళ్ళ బిడ్డను మా అక్క దగ్గర వదిలేసి వచ్చినదాన్నే. కోపం పిట్ట మీదో నా మీదో అప్పుడు తెలుసుకోలేదు.

గుడ్లన్నీ వృథా అవుతుంటే యుమ్మా ఒకరోజు డ్రైవర్ భాయ్‌ని పిలిచి అతని చేత నాకు చెప్పించింది. అతను హైదరాబాదువాడు, అన్ని భాషలూ కలిపి కొట్టేవాడు. "అక్కా, యుమ్మా ఏమంటుందంటే, నువ్వు ఊరిదానివి, నీకు తెలుస్తది. పిల్లల్ని లేపు. లేపితే నీ ఛుట్టీ సంగతి కొడుకుతో తానే మాట్లాడుతదట." ఛుట్టీ అంటే సెలవు. అది వినగానే నాకు కళ్ళ ముందు కౌజుపిట్టలు కాదు, మా బిడ్డ కనబడింది. నేను వచ్చి రెండేళ్ళు దాటింది. మా అక్క పంపిన క్యాసెట్‌లో బిడ్డ మా అక్కనే అమ్మా అని పిలుస్తోంది.

బజారు నుంచి గుప్పెడంత పొట్టి కోడిని తెప్పించాను. పొదుగు మీదున్న కోడి, మనిషి కనబడితే చాలు పొడిచేది. మిద్దె మీద నీడలో బుట్ట పెట్టి, మా అమ్మ చేసినట్టే పదకొండు గుడ్లు బేసిగా సర్ది, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఎండుమిరపకాయ, బొగ్గు పెట్టాను. బొగ్గు సాంబ్రాణి పళ్ళెంలో దొరికింది. ఇక ఇనుము కావాలి. "ఇక్కడ ఉరుములెక్కడివి అక్కా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు డ్రైవర్ భాయ్. ఉరుములు లేవు, నిజమే. కానీ ఆ ఇల్లు విమానాలు దిగే దారిలో ఉంది. ఒక్కోటి మిద్దెను రాసుకుంటూ పోతుంటే నీళ్ళ ట్యాంకు వణికేది. మనుషుల గుండెలే జారుతుంటే గుడ్లొక లెక్కా?

చివరికి యుమ్మా గది బయట చిలక్కొయ్యకు వేలాడుతూ ఒక తాళంచెవి కనబడింది. జానెడు పొడవు, తుప్పు పట్టినది. ఆ ఇంట్లో తుప్పు పట్టిందంటే పారేసేదే అనుకుని, తీసుకెళ్ళి గుడ్ల మధ్య పెట్టేశాను. పదహారు రోజుల్లో పిల్లలు లేస్తాయని బజారువాడు చెప్పాడట. కోడిని కూర్చోబెట్టిన రోజు నుంచీ రోజుకో బొగ్గు గీత గోడ మీద గీస్తున్నాను.

పదమూడో గీత గీసిన పొద్దున ఇల్లంతా తలకిందులైంది. పరుపులు లేపుతున్నారు, పెట్టెలు బోర్లిస్తున్నారు. యుమ్మా చిలక్కొయ్య కింద కూర్చుని ఏడుస్తోంది. డ్రైవర్ భాయ్ గుసగుసగా అన్నాడు: "తాళంచెవి పోయింది అక్కా. అల్ ఖోర్ ఊళ్ళో వాళ్ళ పాత ఇంటిది. ఇల్లు పడగొట్టి రోడ్డేసిన్రు. చెవి ఒక్కటే మిగిలింది ముసలామెకు."

ఆ చెవి నా కోడి కింద ఉంది. ఇప్పుడు కోడిని లేపితే మళ్ళీ కూర్చోదు, పిల్లలూ పోయె, ఛుట్టీ పోయె. ఊరుకుంటే? లేని ఇంటి తాళంచెవి కోసం ఏడ్చే మనిషిని చూస్తూ ఎట్లా ఊరుకోను? వెళ్ళి ఆమె ముందు కూర్చుని, మిద్దె వైపు వేలు చూపించాను.

అందరం పైకెక్కాం. యజమాని తెల్లటి చొక్కా చెయ్యి పైకి మడిచి బుట్టలో చెయ్యి పెట్టాడు. కోడి వేలు పట్టుకుని వదలలేదు. "యా అల్లా!" అని అంత పెద్దమనిషీ ఎగిరాడు. డ్రైవర్ భాయ్ గోడవైపు తిరిగి దగ్గు తెచ్చుకున్నాడు.

"ఎందుకు పెట్టావని అడుగుతుంది యుమ్మా" అన్నాడు దగ్గు ఆపుకుని.

"ఉరుములకని చెప్పు భాయ్."

చెప్పాడు. ఆమె తెల్లటి ఆకాశం చూసి నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. సరిగ్గా అప్పుడే ఒక విమానం గర్జిస్తూ మా నెత్తి మీదుగా దిగింది. నేను వేలు పైకెత్తాను. యుమ్మా ఒక్క క్షణం చూసి, పళ్ళులేని నోరు తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. ఏడుపు తడి ఇంకా చెంపల మీదే ఉంది. కొడుకు మళ్ళీ చెయ్యి పెట్టబోతే ఆ చేతిమీద ఒక దెబ్బ వేసింది.

"ఉండనీయమంటుంది అక్కా. ఇంకా ఎన్ని రోజులని అడుగుతుంది."

మూడు వేళ్ళు చూపించాను. ఆ మూడు రోజులూ ఆమె బుట్ట పక్కనే చాప వేయించుకుని కూర్చుంది. విమానం వచ్చినప్పుడల్లా పైకి చూసి తిట్టేది. నేనూ మా భాషలో ఓ తిట్టు కలిపేదాన్ని. మా ఇద్దరి మధ్య భాష కుదిరింది అక్కడే.

పదకొండులో రెండు కోడి బరువుకు చితికాయి, రెండు మురిగాయి. ఏడు పిల్లలు లేచాయి, తుమ్మెదలంత. నీళ్ళ పళ్ళెంలో మునగకుండా గులకరాళ్ళు వేశాను. యుమ్మా రెట్ట పడిన తాళంచెవిని తన ముసుగు కొంగుతో తుడుచుకుని, కొడుకును పిలిచి నన్ను చూపించి "యల్లా" అని, అంటే ఇక కానీయమని, ఇంకేదో చెప్పింది. మిగతాది నాకు అర్థం కాకపోయినా నా టికెట్‌కు అర్థమైంది.

ఊళ్ళో బస్సు దిగితే మా బిడ్డ మా అక్క చీర వెనక్కి పోయి దాక్కుంది. తెచ్చిన గౌను చూడలేదు, బిస్కెట్లు ముట్టలేదు. రెండో రోజు ఊరికే వాకిట్లో కూర్చుని మా అక్కకు ఆ ఏడు పిల్లల కథ చెబుతుంటే, ఎప్పుడొచ్చిందో పక్కన చేరి, "గింతుంటయా?" అని తన చిటికెన వేలు నా ముందు పెట్టింది. నేను ఆ వేలు పట్టుకున్నాను. లాక్కోలేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆ వేలున్న చెయ్యే పలక మీద నా చేత అక్షరాలు దిద్దించింది. "అమ్మా, చప్పుడుకు గుడ్లు మురుగుతయా ఎక్కడన్నా?" అని ఇప్పటికీ నవ్వుతుంది. మురగవనే అంటాను, చదువుకున్నదాన్ని కదా. కానీ మా ఇంటి మీదుగా ఎప్పుడైనా విమానం పోతే, నా చెయ్యి దానంతటదే నడుముకున్న తాళంచెవుల గుత్తి మీదికి పోతుంది. పైన ఏ బిడ్డను వదిలి ఏ తల్లి పోతుందో! గుత్తిని ఒకసారి గట్టిగా పట్టుకుని, చప్పుడు దూరమయ్యాక వదిలేసి, నాలో నేనే నవ్వుకుంటాను.