తొట్టి పడంలో ఆ ఒక్క తప్పు

ఈ దేశంలో తమిళం అర్థమయ్యే వాళ్ళలో 'తొట్టి పడం' చూడనివాళ్ళు లేరు. పడం అంటే ఇక్కడ సినిమా. దానికి అసలు పేరు వేరే ఏదో పొడుగ్గా ఉంది, అది తీసినవాళ్ళకైనా గుర్తుందో లేదో. కథ ఏమీ లేదు. ఇంటింటికీ బైకు మీద బిర్యానీ పొట్లాలు అందించే కుర్రాడొకడు దారి తప్పి పాత రబ్బరు తోటలోకి పోయి, పాలు పోసే తొట్టిలో పడతాడు. పైకి లేచేసరికి దేశానికి స్వతంత్రం వచ్చిన సంవత్సరం. చేతిలో ఫోనుంది, సిగ్నల్ లేదు, ఎదురుగా తెల్లదొర నిలబడి ఉన్నాడు. ఇక అక్కణ్ణించి నవ్వులే నవ్వులు.

తీసింది కౌలాలంపూర్‌కి ఉత్తరాన ఉన్న మా ఊరు సుంగై సిపుట్‌లోనే. అందుకని నా మోటారు సైకిల్ షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ ఆ కబుర్లు అడుగుతాడు. నాకూ చెప్పడం సరదాయే, అబద్ధమెందుకు. తొట్టిలో ఉన్నది రబ్బరు పాలు కాదు, మైదా గంజి. ఎండకి పులిసిపోయి ఈగలు ముసిరాయి. హీరో మొహంలో ఆ అసహ్యం ఉంది చూశారూ, అది నటన కాదు. దొర వేషం వేసినాయన ఈపోలో పియానో నేర్పే పెద్దమనిషి, ఆయనకి ఇంగ్లీషు కన్నా తమిళమే బాగా వచ్చు. రబ్బరు చెట్లు ఒక్క పక్కనే మిగిలాయి, మిగతాదంతా ఆయిల్ పామ్ అయిపోయింది. అందుకే తోట సీన్లలో కెమెరా పొరపాటున కూడా ఎడమ వైపు తిరగదు.

ఇవన్నీ విని చివరికి అందరూ అడిగేది మాత్రం ఒక్కటే. "ఆ తప్పు సేసినాయన మీ ఊరోడేనటగా?"

అవును, మా ఊరివాడే. మా వరస ఇళ్ళలో నా పక్కింటాయన, కాంతయ్య బావ.

రక్తసంబంధం లేదు గానీ, ఒకే తోటలో పుట్టి పెరిగిన వాళ్ళం. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. బావ చిన్నప్పట్నించీ రబ్బరు గీసి, తోట పోయాక బడికి కాపలా ఉన్నాడు. షుగరు వచ్చి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకోవాలి. అంత అవస్థలోనూ మనిషి నోరు ఊరుకోదు. నా షెడ్డు ముందు కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ పేర్లు పెట్టేవాడు.

ఒక్క మనిషిని మాత్రం ఆయన ఏ పేరుతోనూ పిలవలేదు. అది ఆయన పెళ్ళాం మరిడమ్మక్క. మరిడమ్మ తల్లి వాళ్ళ ఇంటి దేవత. తాత ఓడలో ఆ తల్లి పసుపు మూటకట్టుకుని వచ్చాడట. పెళ్ళినాడే బావ తల్లి కొడుకుని కూర్చోబెట్టి చెప్పింది, కోపంలోనో విసుగులోనో నోరు జారితే పాపం తగులుతుంది, ఆ పేరు ఎత్తొద్దని. బావ ఎత్తలేదు. "ఒలే" అనేవాడు, అంతే. పెళ్ళయిన కొత్తలోనూ ఒలే, మనవరాలు పుట్టాకా ఒలే.

అక్క సంగతి ఇంకో రకం. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకి ఆ పేరు పలకడం రాక 'మేరీ' అని పెట్టాడు. అదే అందరికీ అలవాటైంది. కూతురికి అమ్మ, మనవరాలికి అమ్మమ్మ, మాకందరికీ అక్క. ఒకసారి మా ఆవిడతో అన్నదట, "నా పేరు నా గుర్తింపు కార్డు, ఆ ఐసీలోనే ఉంది, ఇంకెవల నోట్లోనూ లేదు" అని. నవ్వుతూనే అన్నదట. మా ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు.

షూటింగుకి ఊళ్ళో వాళ్ళని పిలిచినప్పుడు బావ ఎగిరి గంతేశాడు. ముందు రోజు సాయంత్రమే రక్తం కడిగించుకుని వచ్చాడు, కళ్ళు తిరుగుతాయేమోనని అక్క తోడు వెళ్ళింది. వెళ్ళిన పాపానికి ఆవిడకీ ఓ పాత చీర కట్టి, చేతికి బుట్ట ఇచ్చి ఆడవాళ్ళ వరసలో నిలబెట్టారు. నేనూ ఉన్నాను, వెనక ఎక్కడో, నా చెవి ఒక్కటి కనిపిస్తుంది.

అది పెరట్టు సీను. తెల్లవారకముందే కూలీలందర్నీ వరసగా నిలబెట్టి కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, పేర్లు పిలిచేవాడు కదా, అది. బావ కంగాణి. కోటు ఆయనకి పట్టలేదు, అందుకని పొట్టి చేతుల చొక్కా వేశారు. డైరెక్టరు పువనేశన్ క్లాంగ్ ఊరి కుర్రాడు, మంచివాడే. "పేర్లు మీకు తోచినవి పిలవండి అంకుల్" అన్నాడు.

బావ చెయ్యి పైకెత్తి "మునియాండీ! అంగమ్మా!" అని కేకేశాడు. మూడో పేరు తోచలేదు. అన్ని పేర్లు పెట్టే మనిషికి కెమెరా ముందు నోరు ఎండిపోయింది. కళ్ళు వరస వెంట అటూ ఇటూ వెతికాయి. ఆడవాళ్ళ దగ్గర ఆగాయి.

"మరిడమ్మా!"

గొంతు చించుకుని పిలిచాడు. తోట అంతా వినబడింది. అక్కని ఏమీ మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. ఉలిక్కిపడి, బుట్ట జారిపోతుంటే పట్టుకుని, "ఆఁ... వచ్చినాను" అంది.

పువనేశన్ చప్పట్లు కొట్టాడు. కెమెరా ఆవిడ వైపు తిప్పించి ఆ ఒక్క మాట విడిగా మళ్ళీ తీయించుకున్నాడు. ఇంటికొస్తుంటే దారిలో బావ, "పడం కోసం అన్నానులే, తల్లి ఏటీ అనుకోదు" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే అక్క పదహారేళ్ళ పిల్లలాగా నేల చూస్తూ నడుస్తోంది.

సినిమా ఈపోలో వేసినప్పుడు వ్యాను కట్టుకుని అందరం వెళ్ళాం. ఆ పిలుపు రాగానే అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ చూద్దామంటే అప్పటికే హాల్లోంచి తీసేశారు.

తర్వాత యూట్యూబులో సినిమాల్లో తప్పులు పట్టుకునే కుర్రాడొకడు బయల్దేరాడు. స్వతంత్రం వచ్చిన ఏడాది కంగాణి మోచేతి మీద ఈ కాలపు ఆసుపత్రి ప్లాస్టరేమిటి అన్నాడు. బావ చెయ్యెత్తిన చోట హాల్లో ఫోనుతో తీసిన ఫొటో పెట్టి, రక్తం కడిగిన సూది చోట అంటించిన తెల్ల ప్లాస్టరు చుట్టూ ఎర్ర గీత గీశాడు. లక్షలమంది చూశారు, నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. తొట్టిలో పడ్డవాడు డెబ్భై ఏళ్ళ వెనక తేలితే ఎవడికీ అభ్యంతరం లేదు, జబ్బుమనిషి చేతి మీద ప్లాస్టరు ఉంటే మాత్రం కొంప మునిగిపోయిందా?

బావకి కోపం రాలేదు. పైగా గర్వం. రక్తం కడిగే చోట నర్సులకి చెయ్యి చూపించి, "ఆ ఫేమస్ తప్పు నాదే" అని చెప్పుకునేవాడు. అలా చెప్పుకుంటూనే ఒకరోజు ఆ మంచం మీదే పోయాడు.

ఆయన గొంతు ఇంట్లో లేక కాదు. మనవరాలు మోహనప్రియ ఫోన్లో ఆయన వాయిస్ మెసేజీలు బోలెడున్నాయి. "ఒలే, నా మాత్రలెక్కడెట్టినావు", "ఒలే, గొడుగు తీసుకురా". అక్క అవన్నీ విన్నది. వినీ వినీ ఒకరోజు నాతో అంది, "గోపాలూ, ఒక్కపాలి ఆ పడంలోది వినాలని ఉందిరా. నా పేరు." ఈమాత్రం కోరిక ఎవరికైనా తీరాలి కదా అనుకున్నాను.

సినిమా ఫోన్లలోకి వచ్చిందని మోహనప్రియే మొదట చెప్పింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడబోతే తమిళమే వస్తుంది. ఓ ఆదివారం సాయంత్రం ముగ్గురం వాళ్ళింట్లో కూర్చున్నాం. అక్క తలస్నానం చేసి, బావ ఫొటోకి పువ్వు పెట్టి వచ్చింది.

పెరట్టు వచ్చింది. దూరంగా బావ నిలబడి ఉన్నాడు, ప్లాస్టరు కనబడనంత దూరంగా. "మునియాండీ! అంగమ్మా!" తర్వాత హీరో వెర్రిమొహం. ఆ వెంటనే బుట్ట పట్టుకుని అక్క. "ఆఁ... వచ్చినాను."

మధ్యలో బావ లేడు. పిలుపు లేదు.

"ఎనక్కెట్టు" అంది అక్క. మోహనప్రియ వెనక్కి పెట్టింది. మళ్ళీ అంతే. "ఇంకోపాలి ఎట్టు" అంది. "ఇల్లై అమ్మమ్మా, తాతది కట్ పన్నిట్టాంగ" అని, తాత ముక్క కత్తిరించేశారని చెప్పేసి ఆ పిల్ల ఏడ్చింది. ఏడవవలసిన మనిషి మాత్రం తెర వైపే చూస్తూ కూర్చుంది.

ఆ పిల్ల ఇంటర్నెట్టంతా గాలించింది. దొంగ కాపీలు దొరికాయి, అవీ ఈ కొత్త దాని నుంచి తీసినవే. తప్పులు పట్టిన కుర్రాడి వీడియోలో బావ ఉన్నాడు గానీ ఆగిపోయిన బొమ్మ. నోరు తెరిచి ఉన్నాడు. మీద ఆ కుర్రాడి వాగుడు.

ఇక పువనేశన్‌నే అడుగుదామని నేనూ అక్కా రైలెక్కి క్లాంగ్ వెళ్ళాం. అరిటాకు భోజనం హోటలు మీద మేడలో అతని ఆఫీసు. అక్కని చూడగానే లేచి కాళ్ళకి దండం పెట్టాడు, టీ తెప్పించాడు. బావ పోయాడని అతనికి తెలియదు. ఆ సంగతీ, మేం వచ్చిన పనీ నేనే చెప్పాను.

"ఫోన్లలో వెయ్యడానికి కొన్న కంపెనీవాళ్ళు తప్పులన్నీ సరిచేసి ఇమ్మన్నారంకుల్" అన్నాడు తమిళంలో. "అందరూ నవ్విన తప్పు అదొక్కటే. ఆ ముక్క తీసేశాను."

"పాతది ఉంటుంది కదయ్యా?"

హార్డ్ డిస్కు పోయిందట. బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే వాళ్ళూ చేతులెత్తేశారట. హాళ్ళకి పంపిన కాపీలు అప్పుడే తుడిచేశారట. అతను అబద్ధం చెప్పడం లేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. అబద్ధమైతే బాగుండుననిపించింది.

"మనిషిని తీసేస్తే తీసేశావు, గొంతైనా ఉంచొచ్చు కదా? హీరో మొహం మీద ఆ పిలుపు వినబడితే ఏం పోయింది?" అన్నాను. కోపంగానే అన్నాను.

"అప్పుడు తోచలేదంకుల్" అన్నాడు తల దించుకుని.

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. తమిళంలో మొదలుపెట్టి రెండో మాటకే తెలుగులోకి వచ్చేసింది. "సరే బాబూ, పోయింది పోయింది. అయితే నన్నూ తీసేయండి. పిలిచినోడు లేడు కదా. ఎవలూ పిలవకుండా పలకడానికి నానేటి పిచ్చిదాన్నా? నా మాట కూడా తీసేయండి బాబూ, సచ్చి నీ కడుపున పుడతాను."

నేను తమిళంలో చెప్పాను. చివరి మాట చెప్పలేకపోయాను.

పువనేశన్ మొహం పాలిపోయింది. సినిమా ఇప్పుడు తనది కాదన్నాడు, కొన్నవాళ్ళదేనట, చిన్న ముక్క కూడా ముట్టుకునే హక్కు తనకి లేదట. ఆవిణ్ణి ఓదార్చుదామని కాబోలు ఇంకో మాట కూడా అన్నాడు. "ఆంటీ, మీ సీనంటే జనానికి ప్రాణం. ఎవరూ పిలవకుండానే మీరు పలుకుతారు చూడండి, అక్కడ విరగబడి నవ్వుతారు. మీ బొమ్మతో స్టిక్కర్లు కూడా చేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వాట్సాప్‌లో అదే పంపుకుంటారు."

ఫోను తీసి చూపించాడు కూడా. బుట్ట పట్టుకుని అక్క, కింద తమిళ లిపిలో 'వచ్చినాను'. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరగా చూసింది. ఫోను జాగ్రత్తగా అతని చేతికి తిరిగి ఇచ్చి, "వస్తాం బాబూ" అని లేచింది.

తిరుగు ప్రయాణంలో కౌలాలంపూర్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. ఎంతసేపూ ఇతరుల తప్పులు ఎంచి కబుర్లు చెప్పే నోరు, ఆ పూట ఒక్క మాటకి పనికిరాలేదు. అంతలో కాలేజీ పిల్లలు ముగ్గురు మా ముందు నుంచి వెళ్ళి, ఆగి, గుసగుసలాడుకుని వెనక్కి వచ్చారు.

"ఆంటీ, తొట్టి పడం ఆంటీ దానే?" అంది వాళ్ళలో ఒక పిల్ల, ఆవిడేనా అని. మంచి పిల్ల, కళ్ళనిండా సంతోషం. ఫోను తీసి పట్టుకుంది. "ప్లీజ్ ఆంటీ, ఒరే ఒరు తడవ సొల్లుంగలేన్, వచ్చినాను అని!" ఒక్కసారి ఆ మాట చెప్పమని బతిమాలింది.

వద్దమ్మా అని నేను లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపింది. ఆ పిల్ల మొహంలోకి చూసి నిదానంగా, తెలుగులోనే అడిగింది.

"ఎవలు పిలిచినారమ్మా నన్ను?"

ఆ పిల్లకి తెలుగు రాదు. ఇదీ పడంలో మాటే అనుకుంది. పకపకా నవ్వి, థాంక్యూ ఆంటీ అని, తీసిన వీడియో స్నేహితురాళ్ళకి చూపించుకుంటూ వెళ్ళిపోయింది.