స్టీలు బిందెల మాస్టారు

నెల్లిమర్లలో మా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఒక మాస్టారు ఉండేవారు. చుట్టుపక్కల జాతరల్లో కొత్త జట్లకు చిన్న పోటీ, ఆరితేరిన జట్లకు పెద్ద పోటీ జరిగేవి. మేము ఎప్పుడూ చిన్న పోటీలోనే ఆడి, గెలిచి, తలా ఒక స్టీలు బిందెతో ఇంటికి వచ్చేవాళ్లం.

పెద్ద పోటీకి వెళ్దామంటే ఆయన గాల్లోనే మామిడికాయ నొక్కుతున్నట్టు బొటనవేలు ఆడించి, "ఇంకా పచ్చిగున్నారే" అనేవారు.

ఒకసారి నేను ఊరుకోలేదు. "ఇంట్లో బిందెలకి జాగా లేదు మాస్టారూ. ఇంకెప్పుడు పండుతాం?"

ఆయన గొంతు తగ్గించారు. "ఒసే, పైకెల్తే ఓడిపోతారు. ఒట్టి సేతుల్తో ఎల్తే మీయమ్మలు మల్లీ పంపుతారేటి? ఆ బిందెల్ని సూసే కదే ఆడనిస్తన్నారు!"

ఆ ఏడు గజపతినగరం దగ్గరి జాతరలో, పాత జట్టుకు చిన్న పోటీలో చోటు లేదన్నారు. పెద్ద పోటీలో ఆడి చిత్తుగా ఓడిపోయాం. మాకంటే మాస్టారే ఎక్కువ వణికారు. బజారుకు తీసుకెళ్లి తలా ఒక బిందె కొనిపెట్టి, "గెలిసేమని సెప్పండి" అన్నారు.

అమ్మ బిందె తిప్పి చూసింది. "పోటీ పేరు సెక్కనేదేటే? ఓడిపోయేరా?"

తల ఊపాను.

"మీ మాస్టారికి సెప్పు, మరి బిందెలొద్దు. వచ్చే ఏడు ఆ పెద్దోల్లనే ఓడించి రండి."

ఇప్పుడు మా పాపను ఏడాది ముందే పై తరగతిలో వెయ్యొచ్చని టీచరు అంటోంది. అమ్మ మాట గుర్తుంది. అయినా పాప బుగ్గను బొటనవేలితో నొక్కి చూశాను. ఇంకా పచ్చిగానే ఉన్నట్టుంది.