నల్లరాతి గుట్ట మీద సుహాసిని

చేనేత కుటుంబంలో పుట్టిన సుహాసిని నల్లగొండలో డిగ్రీలో చేరినప్పుడు తెలుగు సాహిత్యం, చరిత్రతో పాటు భూగర్భశాస్త్రం తీసుకుంది. తండ్రి ఐలేశం మగ్గం మీది నుంచి లేవకుండానే, “రాళ్ల సదువా? సదువుకో బిడ్డా” అన్నాడు.

మూడో ఏడు ప్రాజెక్టుకు ఆమె మర్రిగూడ దగ్గరి ఒక గుట్టను ఎంచుకుంది. గ్రానైటును చీల్చుకుని వచ్చిన నల్లరాతి పట్టీ ఎటు పోతోందో పటం గీయాలి. గుట్టకు అవతలి వైపు క్వారీ నడుస్తోంది.

ఆ పొద్దున తోటి విద్యార్థి గోపీకృష్ణ టేపు పట్టుకున్నాడు, ఆమె కొలతలు రాస్తోంది. క్వారీ సూపర్‌వైజర్ ఎల్లేశం ఇద్దరు మనుషులను వెంటేసుకుని పైకి వచ్చాడు.

“ఎవడు పంపిండు మిమ్ముల? మా హద్దులు కొలుస్తున్రా?”

“కాలేజీ పిల్లలం అన్నా. ప్రాజెక్టు చేస్తున్నం,” అన్నాడు గోపీకృష్ణ.

చెంప ఛెళ్లుమంది. ఎల్లేశం పటాన్ని చింపేసి, చేతిలోని గడ్డపార తిప్పి గోపీకృష్ణను కొట్టాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు సుహాసినికి వినిపించింది. కూలిపోయిన గోపీకృష్ణ ఛాతీ మీద కాలు వేసి, ఎల్లేశం గడ్డపార మళ్లీ ఎత్తాడు.

ఆమె చేతిలో రాళ్లు పగలగొట్టే సుత్తి ఉంది. ఉన్న బలమంతా పెట్టి అతని మోకాలి చిప్ప మీద కొట్టింది. అతడు అరుస్తూ పడిపోయాడు. మిగతా ఇద్దరూ ఆమెను జుట్టు పట్టి బండ మీద ఈడ్చారు. మోచేతుల చర్మం లేచిపోయింది.

అప్పుడే కింది క్వారీలోంచి పేలుడుకు ముందు వేసే ఈల వినబడింది. పైన మనుషులున్నారని తెలియక కూలీలు బండను పేల్చే తూటాల వత్తి అంటించారు. ఆ ఇద్దరూ ఆమెను వదిలి పరుగెత్తారు. గోపీకృష్ణ పెద్ద బండ చాటుకు పాకాడు. ఎల్లేశం లేవలేకపోయాడు.

“నన్ను ఇడిసిపెట్టి పోకు చెల్లే!”

తిడుతూనే ఆమె అతని చంకల కింద చేతులు వేసి బండ చాటుకు లాగింది. గుట్ట అదిరింది. తలకాయంత రాళ్లు చుట్టూ పడి పగిలాయి. ఆమె ఎడమ చెవిలోంచి రక్తం కారింది.

దవాఖానలో ఎల్లేశం పోలీసులకు, “ఆ పిల్లనే ముందుగాల కొట్టింది” అని చెప్పాడు. రెండు వైపులా కేసులయ్యాయి.

“రాజీ పడదాం బిడ్డా. వాళ్లతోని మనకెందుకు?” అని తల్లి నాగరాణి ఏడ్చింది.

“దెబ్బలు తిన్నది మేము. రాజీ గూడ మేమే పడాల్నా అమ్మా?”

లెక్చరర్ వేరే గుట్ట చూసుకోమన్నారు. ఆమె వినలేదు. పుండ్లు మానకముందే తండ్రిని వెంటబెట్టుకుని అదే గుట్ట ఎక్కి, పటం పూర్తి చేసింది.

విచారణ మొదలయ్యాక కోర్టు వరండాలో ఎల్లేశం కుంటుతూ దగ్గరికి వచ్చాడు.

“ఆనాడు నన్నెందుకు గుంజినవ్?”

“గుంజకుంటే సస్తుంటివి.”

అతడు తల దించుకున్నాడు. లోపలికి వెళ్లి, బోనెక్కి మళ్లీ అదే అబద్ధం చెప్పాడు. ఆ క్షణం చేతిలో సుత్తి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. అలా అనిపించినందుకు తన మీద తనకే భయం వేసింది కూడా.

తర్వాతి వాయిదాలో గోపీకృష్ణ చొక్కా విప్పి, వంకరగా అతికిన భుజాన్ని జడ్జికి చూపించాడు.

కేసు ఇంకా తేలలేదు. సుహాసిని పీజీలో చేరింది. ఎడమ చెవి వినిపించదు కాబట్టి క్లాసులో ఎడమ గోడ పక్కన కూర్చుని, కుడి చెవితో పాఠం వింటుంది.