పళ్లు కనిపించిన ఒక్క ఫోటో

పెళ్లికూతురి ముఖానికి రంగు వేసే ముందు నేనొక అబద్ధం చెబుతాను. బిగుసుకున్న ముఖం మీద క్రీము సరిగ్గా పరుచుకోదు, ఫోటోలో గీతలు కనిపిస్తాయి. నవ్వితే బుగ్గలు వదులవుతాయి. దేవరకొండలో పార్లర్ పెట్టినప్పటి నుంచి నేను చెప్పిన అబద్ధాలన్నీ కుప్పపోస్తే మా ఊరి ఖిల్లా కంటే ఎత్తు తేలుతాయి. ఇదీ అబద్ధమే అనుకోండి.

ఒక అమ్మాయి మాత్రం కుర్చీలో కూర్చోకముందే షరతు పెట్టింది. "అక్కా, నా పండ్లు కనబడొద్దు. ఒక్క ఫోటోల గూడ."

వాళ్లది గొర్లు కాసుకునే ఇల్లు, దగ్గరలోని చిన్న పల్లె. మా వైపు బావి నీళ్లలోనూ బోరు నీళ్లలోనూ ఫ్లోరైడు ఉంటుంది. చిన్నప్పుడే పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, ఎంత తోమినా పోవు. నాకూ ఉన్నాయి. ఇప్పుడు ఇంటింటికీ నల్లాలో నది నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు వచ్చేసరికే ఆమె పెద్దదైపోయింది.

నా విద్యంతా వాడాను. ముఖం మరీ తెల్లగా చేస్తే ఫ్లాష్ పడగానే బూడిద పూసినట్టు వస్తుంది, అందుకని మెడ రంగుకు సరిపోయే క్రీమే రాశాను. నారింజ రంగు లిప్‌స్టిక్ పళ్లను ఇంకా పచ్చగా చూపిస్తుందని ముదురు ఎరుపు వేశాను. పెదవులు మూసి కళ్లతో నవ్వడం అద్దంలో చూపించబోతే, నాకంటే ముందే చేసి చూపించింది. ఎన్నేళ్ల అలవాటో.

నుదుటికి బాసింగం కట్టేటప్పుడు ఆమె వణుకుతోంది. రెండు చేతుల్లోనూ కొబ్బరిబోండాం. భయం పోగొడదామని నోరు తెరిచాను.

"మొన్న కేతేపల్లిల ఒక పిల్లకు పౌడర్ జర ఎక్కువేసిన. పీటల మీద తుమ్మింది. మండపమంతా మబ్బు కమ్మింది. తేటగయ్యేసరికి పెండ్లికొడుకు పంతులు మెడల తాళి కడుతుండు."

"మరి పంతులేమన్నడు?"

"ఏమంటడు? సిగ్గుపడి తల వంచిండు."

పకపకా నవ్వింది. నోటికి అడ్డం పెట్టుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. గుమ్మంలో ఉన్న ఫోటోగ్రాఫర్ టక్కున నొక్కాడు.

"అక్కా, తీసెయ్యమను. నీ కాల్మొక్త."

"గింత మంచిగొచ్చింది, ఉండనియ్యి అక్కా" అన్నాడతను.

"పెండ్లినాడు పిల్లను ఏడ్పిస్తవా తమ్మీ?" అంటూ కెమెరా లాక్కున్నాను. చెరిపేసే ముందు ఒక్కసారి చూశాను. ఇన్నేళ్లలో నేను తయారుచేసిన ఏ ముఖమూ ఫోటోలో అంత బాగా రాలేదు. ఆమె చూస్తుండగా నేనే మీట నొక్కాను.

పెళ్లయిన రెండో ఏడు వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైందన్నారు.

కొన్నాళ్లకు ఆమె తండ్రి పార్లర్‌కు వచ్చాడు. భుజాన గొంగడి, సంచిలో పెళ్లి ఆల్బం. ఆడవాళ్ల జాగా అని లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"చెల్లె, గీ ఆల్బంల బిడ్డ నవ్వింది ఒక్కటి లేదు. ఫోటోలాయినను అడిగిన. అక్కేదో చెప్తే నవ్వింది, ఒకటి తీసిన, అక్కనడుగు అన్నడు."

నాలుక చివరికి అబద్ధాలు వరసకట్టి వచ్చాయి. కెమెరా ఖరాబైందనొచ్చు. దొరికితే పంపిస్తాననొచ్చు. ఒక్కటీ నోరు దాటలేదు.

"నేనే చెరిపేసిన అన్నా. పండ్లు కనబడుతున్నయని పిల్ల మొత్తుకున్నది."

ఆయన ఆల్బం అట్టను అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు. దాని మీద దుమ్మేమీ లేదు.

"బడిల పిలగాండ్లు తుప్పు పండ్లని ఎక్కిరిచ్చిన్రు. గప్పటి సంది నా ముంగట గూడ నోరిప్పి నవ్వలే. ఇంటి ముంగట గా బోరు ఏపిచ్చింది నేనే చెల్లె. బిడ్డ బిందె మోసుడు తప్పుతదని ఏపిచ్చిన."

నేను బయటికి వచ్చి, కూర్చోమని మెట్టు మీద జాగా చూపించాను.

"పోనీ, ఏం చెప్తే నవ్విందో గదైనా చెప్పు."

ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. తుమ్ము, మబ్బు, తాళి, ఏదీ వదలకుండా చెప్పాను. పంతులు సిగ్గుపడి తల వంచాడన్న దగ్గర ఆయన భుజాలు కదిలాయి. నవ్వు బయటికి వచ్చేలోపే చెయ్యి పైకి లేచి నోటికి అడ్డం పడింది. వేళ్ల సందుల్లో గోధుమరంగు చారలు కనిపించాయి.

"చెయ్యి తియ్యి అన్నా" అన్నాను.

తియ్యలేదు.